పట్టు వదలని ఎముక

"కాళ్ల బొటనవేళ్లు రెండూ కలపండి తల్లీ. అవి ముద్దు పెట్టుకోవాలి," అన్నాడు విల్‌ఫ్రెడ్. బల్ల మీద పడుకున్న ముసలామె పకపకా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి మీట నొక్కాడు.

ల్యాంకషైర్‌లోని ఆ ఎముకల ఆసుపత్రి నేలమాళిగలో ఎక్స్‌రేలు తీయడం అతని పని. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే గది. ఫిల్ములు కడిగే మందుకు వేళ్ల చివర్లు పసుపుబారాయి, వీపు కాస్త వంగింది. పై అంతస్తు డాక్టర్లలో సగం మందికి అతని పేరే తెలియదు. తెలియకపోతే కొంపలేం మునగలేదు. ఊళ్లో ఎవరి తుంటి ఎలా ఉందో అతనికి తెలుసు.

తుంటి కీలు మార్పించుకున్నవాళ్లు ఏడాదికోసారి వస్తారు. తొడ ఎముకలోకి దింపిన లోహపు కడ్డీ చుట్టూ ఎముక ఎక్కడ పలచబడిందో, ఎక్కడ మందమైందో పాత ఫిల్ములతో పోల్చి చూస్తాడు.

ఈ బుధవారం పదింటికి ఎడ్నా హోల్‌రాయిడ్ రావాలి. నేత మిల్లులో నలభై ఏళ్లు నిలువుకాళ్ల మీద పనిచేసిన మనిషి. ఇప్పుడు ఎనభై ఆరేళ్లు. కీలు వేయించుకుని ఇరవై నాలుగేళ్లయింది. ఆమె ఫిల్ములన్నీ వెలుతురు పెట్టె మీద వరసగా తగిలించి కూర్చున్నాడు. పదకొండయినా రాలేదు.

తొమ్మిదేళ్ల కిందటి ఫిల్ము దగ్గర అతని చూపు ఎప్పుడూ ఆగిపోతుంది. అందులో ఎముక మరీ పలచగా కనిపించి, అప్పుడే కొత్తగా చేరిన డాక్టర్ బర్టెన్‌షా మళ్లీ కోయాలన్నాడు. జన్మలో డాక్టరుకు ఎదురు చెప్పని విల్‌ఫ్రెడ్ ఆ రోజు నోరు తెరిచాడు.

"నేను సెలవులో ఉండగా ఎవరో తీశారు డాక్టరుగారూ. పాదం పక్కకి తిరిగితే ఎముక అలాగే అగుపిస్తుంది. ఇంకోసారి తియ్యనివ్వండి."

తీశాడు. ఫరవాలేదనిపించింది. కోత ఆగింది. "బతికించావోయ్! మళ్లీ ఈ ఆసుపత్రి కూడు తినమంటే చచ్చేదాన్ని," అంది ఎడ్నా. కానీ ఆమె నొప్పంటే నొప్పని చెప్పే రకం కాదు. తన మాట వల్లే లోపల కడ్డీ వదులై, ఆమె పళ్లు బిగించుకుని నడుస్తోందేమోనన్న గుబులు తొమ్మిదేళ్లుగా అతన్ని తింటూనే ఉంది.

మూడింటికి బర్టెన్‌షా తనే కిందికి దిగివచ్చాడు. చేతుల్లో ఒక డబ్బా, ఒక గుడ్డసంచీ ఉన్నాయి.

"ఎడ్నాగారు ఆదివారం నిద్రలోనే పోయారు విల్‌ఫ్రెడ్ గారూ. ఆవిడ మాటిచ్చినట్టే కీలు మనకి వచ్చేసింది."

ఇక్కడ చాలామంది ఆపరేషన్ నాడే ఆ మాట రాసిస్తారు: పోయాక ఎముకతో సహా తీసుకుని చూసుకోండి, రేపు ఇంకొకరికి పనికొస్తుంది అని. విల్‌ఫ్రెడ్‌కు ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తరవాత చేతులకు తొడుగులు వేసుకుని, డబ్బాలోని ఎముకను బల్ల మీద తిన్నగా అమర్చి ఫిల్ము తీశాడు.

బర్టెన్‌షా కడ్డీని పట్టుకుని గట్టిగా మెలితిప్పాడు. అది ఇసుమంతైనా కదలలేదు.

"పైన కాస్త పలచబడింది, నిజమే. కింద చూడండి, ఎంత మందం కట్టిందో! బరువెక్కడ పడితే అక్కడ బలిసింది. మీరాపకపోతే ఊరికే కోసేవాణ్ణి."

"మరి నొప్పుండేదంటారా?"

"అది ఎముక చెప్పదుగా." డాక్టరు సంచీ ముందుకు జరిపాడు. "వాళ్లమ్మాయి మీకిమ్మంది. రెండేళ్ల కిందట కొన్నారట. శనివారం డాన్సు ఒక్కటీ మానలేదట."

అందులో బూట్లున్నాయి. కుంటేవాళ్ల బూట్లలో ఒకదాని మడమే ఎక్కువ అరుగుతుందని విల్‌ఫ్రెడ్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. వాటిని బోర్లించాడు. ఎర్రతోలు బూట్లు, రెండు మడమలూ సరిసమానంగా అరిగిపోయి ఉన్నాయి.