మొదటి పిలుపుకే

“ఏమోయ్, ఒక్కసారి ఇలా రా!” అని హాల్లోంచి భర్త కేకేసేసరికి ఆమె కప్పులు కడుగుతోంది. స్టవ్ మీద పాలున్నాయి. ఏం కొంప మునిగిందోనని సబ్బు నురగ చేతులతోనే పరుగెత్తింది. కొంపా లేదు, మునగడమూ లేదు. భర్త, మరిది, మరిది స్నేహితుడు సోఫాలో పగలబడి నవ్వుతున్నారు.

“గెలిచాను! చూశార్రా, మొదటి పిలుపుకే!” అని భర్త తొడ చరిచాడు. ఎవరి పెళ్లాం పిలవగానే వస్తుందా అని పందెమట. మరిది ముందే పిలిస్తే, మేడమీద ఇస్త్రీ చేసుకుంటున్న తోడికోడలు “పనిలో ఉన్నాను, కావాలంటే మీరే రండి” అందట.

“పెళ్లైన కొత్తలో ఈవిడ నోటికి జడిసి మావాళ్లెవరూ ఈ గుమ్మం తొక్కేవారు కాదు. ఇప్పుడు చూడండి!” అన్నాడు భర్త.

“నా పెద్దకోడలు వెన్నముద్ద,” అని పక్క కుర్చీలోంచి అత్తగారు వంత పాడింది.

ఆమె ఏం చేసిందో చెబితే నమ్మరు. నవ్వింది. అక్కడితో ఊరుకుందా! మెట్లు దిగి వస్తున్న తోడికోడలితో, “పిలిచినప్పుడు వస్తే నీ సొమ్మేం పోయిందమ్మా?” అని కూడా అంది. మాడు వాసన తగిలి ఆ పిల్లే వంటింట్లోకి వెళ్లి, స్టవ్ కట్టేసి, పొంగిన పాలన్నీ తుడిచింది.

మర్నాడు కాలేజీలో ఆమె చెప్పాల్సిన పాఠం నాలుగు వందల ఏళ్లనాటి ఇంగ్లీషు హాస్యనాటకం. గయ్యాళి అని పేరుపడ్డ పిల్లను మొగుడు తిండీ నిద్రా లేకుండా చేసి లొంగదీస్తాడు. చివర్లో మొగుళ్లు ఇదే పందెం కాస్తే, పిలవగానే వచ్చేది, రాని పెళ్లాలకి నీతులు చెప్పేది ఆ గయ్యాళే. “లొంగలేదర్రా, లొంగినట్టు నటించింది” అని ఏటేటా చెప్పి ఆడపిల్లల చేత చప్పట్లు కొట్టించుకోవడం ఆమెకు అలవాటు.

ఈసారి ముందు బెంచీ అమ్మాయి లేచింది. “నటనే అయితే, రానివాళ్లకి నీతులెందుకు చెప్పింది మేడమ్?”

ఆమెకు తల తీసేసినట్టయింది. తనకెవరు తిండి మానిపించారు? ఎవరు నిద్ర చెడగొట్టారు? మంచిదనిపించుకోవాలన్న యావ ఒక్కటీ చాలింది. ఒకప్పుడు నోరున్న మనిషి, ఆ నోటితోనే ఇంకో ఆడదాన్ని చిన్నబుచ్చింది. పైగా అత్తగారు వెన్నముద్ద అన్నప్పుడు లోపల తియ్యగా కూడా అనిపించింది, ఛీ! చాక్‌పీసు బల్లమీద పెట్టి, “పొగిడారు కదమ్మా, అందుకు” అంది. ఆరోజు చప్పట్లు లేవు.

సాయంత్రం తిన్నగా మేడెక్కి, తోడికోడలి పక్కన మంచమ్మీద కూర్చుంది. “నిన్న నేనన్న మాట తప్పు. నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది.”

“మాటదేముందక్కా,” అంది ఆ పిల్ల. “మీరు కూడా నవ్వారే, దానికి ఏడుపొచ్చింది.”

కింద నుంచి “ఏమోయ్!” అని వినబడింది. ఆమె కాళ్లు వాటంతటవే నేలకు ఆనాయి. ఆ కాళ్లను చూసి తనకే అసహ్యమేసింది. పైకి తీసి మఠం వేసుకుంది. మళ్లీ పిలుపు. మళ్లీ. చివరికి భర్తే రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

“ఎన్నిసార్లు పిలవాలి? చెవుడా?”

“లేదండీ,” అంది కదలకుండా. “మొదటి పిలుపుకే వినబడింది.”