గంగమణి చూడకూడని ముఖం

కంఠేశ్వర్‌లో శంకరమ్మ ఇంటి పైగదిలో ఇద్రీస్ దిగిన నాడు ఆమెకు ఏ భయమూ లేదు. సూడాన్ దేశం నుంచి వచ్చి, హైదరాబాద్‌లో చదువు ముగించి, బోధన్ వైపు చక్కెర తయారీ పని నేర్చుకుంటున్నవాడు. పొద్దున్నే బస్సెక్కి పోయేవాడు, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. వాడకట్టు వాళ్లు గుడ్లప్పగించి చూస్తే, "గాయిన మనిషి కాదా? ఏం సూస్తున్నరు గట్ల?" అని బీడీలు చుడుతూనే కసురుకుంది. ఆ ధైర్యమంతా కూతురు గంగమణి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చేదాకే.

ఏడో నెలలో గంగమణిని దిగబెట్టడానికి ఆమె అత్త తిరుపతమ్మ కూడా వచ్చింది. మెట్లు దిగి వెళ్తున్న ఇద్రీస్‌ని చూసి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"కడుపుతోని ఉన్నోళ్లు ఎవ్వల్ని సూస్తే గా రంగే వస్తదంటరు వదినె. రేపు నల్లపిల్ల పుడితే నేను పదిమందిల ఏమని చెప్పుకోవాలె?"

ఆ మాట శంకరమ్మకే సూటిగా తగిలింది. ఎందుకంటే ఆమె నలుపు. కొత్త కోడలిగా వచ్చిన నాడు ఆమె అత్త, "గీ పిల్ల కనవడాలంటే పగటీలి గూడ దీపం పెట్టాలె" అంటే అందరూ విరగబడి నవ్వారు. శంకరమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే బతకనిచ్చేవాళ్లా? గంగమణి తండ్రి రంగుతో పుట్టినప్పుడు, గండం గడిచిందని మంచంలోనే వెక్కి వెక్కి ఏడ్చింది. ఇరవై ఏళ్లకు ఆ గండమే మళ్లీ పైగది మెట్లు దిగి వస్తోందనిపించింది ఆమెకు.

మర్నాడే ఇద్రీస్‌కి తనకొచ్చిన ఉర్దూలో చెప్పింది, ఇంట్లో ఆడపిల్ల ఉంది, దిగేముందు కాస్త దగ్గమని. అతని ముఖం విప్పారింది. మా ఊళ్లోనూ ఇంతేనమ్మా, ఆడవాళ్లున్న చోటికి చప్పుడు చేయకుండా పోము, అన్నాడు. మర్యాద తెలిసిన ఇల్లు దొరికిందని మురిసిపోయాడు పాపం. శంకరమ్మ కాదనలేదు. ఏమని కాదంటుంది?

అప్పటి నుంచి ఆ ఇంట్లో నిమ్మళం లేదు. పైన దగ్గు వినబడితే చాలు, బీడీల చేట పక్కకు నెట్టి, కూతుర్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. వినబడకపోతే మరింత భయం, చెవులు మెట్ల మీదే ఉండేవి. పూటపూటకూ పాలల్లో కుంకుమపువ్వు వేసి దగ్గరుండి తాగించేది.

"ఆయన మొఖం ఎట్లుంటదో గూడ నాకు యాదికి లేదే అమ్మా" అని విసుక్కునేది గంగమణి. "నీ భయం సూసుడే అయితున్నది నాకు."

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం ఇద్రీస్ జ్వరంతో మంచినీళ్ల కోసం దిగాడు. గొంతు పూడుకుపోయి దగ్గు రాలేదు. మెట్ల కింద గంగమణి బట్టలు ఆరేస్తోంది. "జ్వరమొచ్చిందా అన్నా?" అని తలెత్తి అడిగింది. శంకరమ్మ ఒక్క ఉరుకున వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. గది ఖాళీ చెయ్యి, ఈరోజే, అని కేకలేసింది.

ఇద్రీస్ తల వంచుకున్నాడు. ఆడవాళ్లున్న ఇంట్లో చెయ్యరాని పని చేశాను, క్షమించమ్మా, అన్నాడు. అతను ఏ తప్పూ చెయ్యలేదని ఆమెకు తెలుసు. ఆ మాట అంటే అసలు సంగతీ చెప్పాలి. సిగ్గేసింది, అయినా అతణ్ని ఆపలేదు. ఒళ్లు కాలిపోతున్న మనిషి పెట్టె ఆటోలో వేసుకుని వెళ్లిపోతే, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది కూడా.

పదమూడో రోజున దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. శంకరమ్మ మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, బిడ్డ ముఖం కంటే ముందు వియ్యపురాలి ముఖం చూసింది. పుట్టగానే అందరూ ఎర్రగానే ఉంటారని తిరుపతమ్మకు తెలుసు. అసలు రంగు చెవి అంచున బయటపడుతుందంటారు. ఆమె వంగి బిడ్డ చెవి మడిచి చూసింది. అంచు నల్లగా ఉంది.

"నేనన్నదే అయింది. కడుపుతోని ఉండంగ ఎవ్వల్ని సూసినవే గంగమణీ?"

జవాబు శంకరమ్మ నాలుక చివరే ఉంది. పైగదిలో ఉన్నవాణ్ని అంటే చాలు, నేరం అతని మీదికి పోతుంది. నోరు తెరిచింది కూడా. కానీ మంచం మీంచి గంగమణే ముందు పలికింది.

"ఇంకెవల్ని సూస్త అత్తమ్మా? మా అమ్మనే సూసిన. లేవంగనే ఆమె మొఖం సూడకుంటె నాకు తెల్లారినట్టే ఉండది."

కూతురు ఎంత ప్రేమగా అందో శంకరమ్మకు తెలుసు. అయినా నడివీధిలో దొంగలా దొరికిపోయినట్టనిపించింది. తిరుపతమ్మ బిడ్డ చెవి వదిలేసి, నెమ్మదిగా శంకరమ్మ వైపు చూసింది. ఒళ్లో పసిది అప్పుడే కళ్లు తెరుస్తోంది.

శంకరమ్మ గబుక్కున కొంగు తీసి తన ముఖం కప్పుకుంది.