అంచు కోయని ఫోటో

పసుపు చేతులతో ఫోటో ముట్టకూడదు. అందుకే పప్పుకు పోపు పెట్టగానే కుంకుడు నురగతో రెండుసార్లు చేతులు తోముకొని, వంటింటి గడప దగ్గరే పీట వేసుకొని కూర్చునేదాన్ని. ఫోటోలకద్దే రంగుల నూనె వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాంపల్లి స్టేషను వెనక మా కిరాయి ఇల్లే గుర్తొస్తుంది. మా ఆయన రామచందర్ ఫోటో స్టూడియో అబిడ్స్‌లో ఉండేది. సినిమా కంపెనీలు పంపే చిన్న ఫోటోలను ఆయన పెద్దవిగా ప్రింటు తీసి, అంచులు కోసి తెచ్చేవారు. పుల్లకు దూది చుట్టి నేను రంగులద్దేదాన్ని. సినిమా నలుపు తెలుపే, రంగు నా ఊహే. టాకీసు ముందు అద్దాలపెట్టెలో వాటిని జనం ఆగి చూసేవారట. నేను చూసింది లేదు. సినిమాలు చూసే ఆడది సంసారం చేస్తదా అనేది మా అత్త కిష్టవ్వ.

పందొమ్మిది వందల నలభై రెండు ఎండాకాలంలో ఒక ఫోటో వచ్చింది. అద్దం ముందు నిలబడి తనలో తాను నవ్వుకుంటున్న ఆడమనిషి. పెళ్లికూతురనుకొని చీరకు ఎరుపు వేశాను.

అది అద్దాలపెట్టెలో పెట్టిన మూడోరోజు పొద్దున టాకీసు మేనేజర్ విద్యాసాగర్ మా ఇంటికే వచ్చాడు. కథలో ఆమె విధవట. విధవకు ఎర్రచీర ఏమిటని బేగం బజార్ పెద్దమనుషులు గొడవకు దిగారట. సాయంత్రం ఆటకల్లా చీర తెల్లగా మారకపోతే పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. నాలుగేళ్లుగా ఆ రంగులు తనవేనని చెప్పుకున్న మా ఆయన ఆ రోజు మొదటిసారి నిజం చెప్పారు.

"గా రంగు నేను వెయ్యలే సాబ్. మా ఇంట్లామె వేసింది. ఆడోళ్లకేం తెలుస్తది?"

నేను బయటికొచ్చాను. "సిన్మ జూస్త. జూసినంకనే రంగు మారుస్త."

అత్త నోరు తెరిచేలోపే మేనేజర్ నవ్వి, జూడనియ్యి, తప్పేందో తెలుస్తది అంటూ మధ్యాహ్నం ఆటకు చీటీ రాసిచ్చాడు.

ఆడవాళ్లు కూర్చునే జనానా పరదా వెనక పల్లీల పొట్టు మీద కాళ్లు పెట్టుకొని చూశాను. సగం ఆట అయ్యాక నా ఫోటోలోని అద్దం ఉన్న గది వచ్చింది. ఆమె తలుపు గొళ్లెం పెట్టి, పెట్టె అడుగు నుంచి తన పెళ్లిచీర తీసి కట్టుకొని, అద్దంలో చూసుకొని నవ్వింది. అద్దం పక్కనే గోడకు దండ వేసిన మొగుడి ఫోటో. మా ఆయన కోసేసిన అంచులో ఉన్నది అదే. ఆ ఫోటో లేకుంటే ఆమె వట్టి పెళ్లికూతురు. చీర తెల్లదైతే రోజూ కనబడే విధవ. ఎరుపూ దండా ఒక్కచోట ఉంటేనే ఆ నవ్వుకు ఎంత ధైర్యం కావలసివచ్చిందో తెలుస్తుంది. నా పక్కనున్న ఆడవాళ్లు పల్లీలు నమలడం ఆపేశారు.

అటు నుంచి అటే స్టూడియోకు నడిచాను. చీర ఎర్రగానే ఉంచుతాను, ఈసారి అంచు కోయవద్దన్నాను. పని పోతుందన్నారాయన.

"వేసింది నేనని మీరే చెప్తిరి గదా. పోతే నా పనే పోతది."

ఆయన అంచు కోయకుండా మొత్తం ప్రింటు తీశారు. దండ ఫోటోను నలుపు తెలుపులోనే వదిలేసి, చీరకు మునుపటికంటే ముదురు ఎరుపు అద్దాను. టాకీసుకు నేనే పట్టుకుపోయాను. మేనేజర్ ముఖం ముడిచి, తెల్లగ జెయ్యమన్న గదా అన్నాడు.

"సాబ్, మీరు సిన్మ జూసిన్రా?"

అతను వంగి దండ ఫోటో వైపు చూశాడు. అద్దాలపెట్టె నేనే తెరిచి ఫోటో లోపల పెట్టాను.