పడమటి వరస సాంచాలు

నార్పోలిలో విఠల్ మరమగ్గాల కార్ఖానాలో నెల రోజులుగా పడమటి వరస సాంచాలు మధ్యాహ్నం మూడింటికి ఆగిపోతున్నాయి. మళ్లీ నడిచేసరికి గంట దాటుతోంది. ఆ వరసవాళ్లంతా పనిదొంగలని విఠల్ మండిపడ్డాడు. సాంచాల్లో ఏ లోపమూ లేదని ఫిట్టర్ కిషన్ తేల్చేశాడు. తూర్పు వరసవాళ్లేమో, ఇదంతా పౌలు పొగరన్నారు. పడమటి వరసకు పెద్ద ఆయనే.

చదువు ముగించి కార్ఖానా పనిలోకి దిగిన విఠల్ కూతురు ప్రాజక్త అందరి మాటలూ విన్నది. మర్నాడు మూడింటికి వెళ్లి పౌలు పక్కనే నిలబడింది. కిటికీలోంచి ఎండ నేరుగా తెల్లటి నూలు మీద పడి ఆమె కళ్లు చెదిరిపోయాయి.

"పక్క బిల్డింగు కూలగొట్టినప్పటి సంది, పొద్దు అవతలి మిద్దె చాటుకు పోయేదాంక గిదే ఎండ. తెగిన పోగు కనబడదు బిడ్డా. గట్లనే నడిపితే బట్టంత ఖరాబైతది," అన్నాడు పౌలు.

"మరి నాన్నకు ఎందుకు చెప్పలే, మామా?"

"అడిగితే చెప్తుంటి. రాంగనే తిట్టిండు. నేను గూడ మొండికేసిన."

ప్రాజక్త తండ్రిని తీసుకొచ్చి అదే చోట నిలబెట్టింది. విఠల్ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పదేండ్లు సాంచా నడిపినోణ్ణి, కుర్చీల కూసునేసరికి మర్చిపోయిన. ఏమనుకోకు పౌలూ," అన్నాడు.

ఆ సాయంత్రమే కిషన్ కిటికీకి మందపాటి పరదా కట్టాడు. తూర్పు వరసవాళ్లు నిచ్చెన పట్టుకున్నారు. "ఇంకొంచెం కిందికి," అంటూ పౌలు హుషారుగా చెప్తుంటే, ప్రాజక్త అందరికీ చాయ్ తెప్పించింది.