గుండీ కుట్టిన సీను

చదవాల్సిన పేజీ ఆ పుస్తకంలో లేదు.

ఆ సంగతి టైలరమ్మకి నాలుగు రోజులుగా తెలుసు. అయినా ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆడపడుచు వెంట లాండ్రీ మీది గదికి మెట్లెక్కుతోందంటే, తప్పించుకునే దారి దొరకలేదన్నమాట.

ఆ గదిలో నెలకోసారి పన్నెండు మంది చేరతారు. అందరికీ ఒకటే పిచ్చి: ఓ పాత నవలని నలుపు తెలుపుల్లో తీసిన సినిమా. వంతు వచ్చినవాళ్లు తమకిష్టమైన సీను నవలలో ఏ పేజీలో ఉందో చూసి పైకి చదవాలి. ఆ తర్వాత అదే సీను తెర మీద వేస్తారు. అది అక్కడి ఆనవాయితీ. ఏడేళ్లుగా టైలరమ్మ తన వంతు పక్కవాళ్లకి ఇచ్చేస్తూ వచ్చింది. సినిమా ముప్పైసార్లు చూసింది గానీ నవల ముట్టుకోలేదు. ఆ మాట బయటపడితే ఈ చదువరుల మధ్య తనకి చోటుండదని భయం.

పోయిన నెల ఆడపడుచు చెయ్యెత్తేసింది. "ఈసారి మా వదిన చదువుతుంది! ఓడెక్కబోయే కెప్టెన్ కోటుకి భార్య గుండీ కుట్టే సీను!"

టైలరమ్మ పుస్తకం తెచ్చుకుని, మిషన్ పక్కన పెట్టుకుని, మొదటిసారి మొత్తం చదివింది. గుండీ సీను లేదు.

"ఇంజెక్షన్‌కి వచ్చిన పేషెంటులా ఆ ముఖమేంటి వదినా?" అంది ఆడపడుచు. ఆవిడ నర్సు.

"నీ నోటికి ముందు కుట్లు వెయ్యాలి. నడువు."

లోపల పేజీ మాస్టారు ఎదురొచ్చాడు. రిటైరైన లెక్చరరు. ఏ సీను చెప్పినా పేజీ నంబరు చెబుతాడని ఆ పేరు.

"రావమ్మా! గుండీ సీను కదూ? రెండొందల పన్నెండో పేజీ. తొమ్మిదిసార్లు చదివాను. నవలని పొల్లుపోకుండా తీశారనడానికి ఆ సీనే సాక్ష్యం."

టైలరమ్మ సంచీలోంచి పుస్తకం తీసింది.

"మాస్టారూ, అది పుస్తకంలో లేదండి."



"లేకపోవడమేంటి? సరిగ్గా చూడలేదేమో నువ్వు."

"సరిగ్గానే చూశాను. కాకపోతే చదవడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ చదివినట్టు నటించాను."

మాస్టారు పుస్తకం లాక్కుని రెండొందల పన్నెండు తీశాడు. వెనక్కి తిప్పాడు. ముందుకి తిప్పాడు. "ఆవిడ దారం పళ్లతో కొరుకుతుంది... నేను చదివానే!"

"నేనూ చదివానండి," అన్నాడు వెనక నుంచి పళ్ల డాక్టరు.

అందరూ చదివినవాళ్లే. పుస్తకంలో మాత్రం లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. టైలరమ్మకి అది చూడబుద్ధి కాలేదు.

"తప్పు మీది కాదండీ. నలభయ్యో పేజీలో కెప్టెన్ కోటుకి ఓ గుండీ వేలాడుతోందని ఉంది. రెండొందల పన్నెండులో, 'ఆ ఉదయం అతను కోటు గుండీలన్నీ పెట్టుకుని ఓడెక్కాడు.' అంతే. మరి మధ్యలో ఎవరో కుట్టాలి కదా! సినిమా తీసినాయన ఆ రెండు ముక్కలూ పట్టుకుని ఓ సీను కుట్టాడు. అతుకు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ముడి వెయ్యబోయి ఆవిడ ఆగుతుంది చూడండి... ముడి పడితే పని అయిపోతుంది. పని అయితే కెప్టెన్ వెళ్లిపోతాడు."

మాస్టారు నలభయ్యో పేజీ తీసి చూశాడు.

"తొమ్మిదిసార్లు చదివాను. ఈ గుండీ నా కంటికి ఆనలేదు." జేబులోంచి పెన్సిలు తీశాడు. "ఇంకా ఏమేం కనబడ్డాయమ్మా నీకు?"

టైలరమ్మ తెర వైపు చెయ్యి చూపింది.

"చెబుతాను. ముందు సీను వెయ్యండి. ఈసారి ఎవరూ ఆవిడ ముఖం చూడొద్దు. చేతులు చూడండి."

లైట్లు ఆరాయి. గదిలో అందరూ ముందుకు వంగారు.