ఇరవై రెండు సంపెంగలు

నేను ఒక చిడతల జతను. రాజాం దగ్గర వడ్రంగి ఒకడు టేకు చెక్కతో నన్ను చేసి గజ్జెలు బిగించాడు. మోగడం తప్ప నాకు వేరే విద్య రాదు. అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని తెలియడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

నన్ను కొన్నవాడు హరికథలు చెప్పే సన్యాసిదాసు. టూరింగ్ టాకీసు వచ్చాక అతని కథకు జనం పలచబడ్డారు. అప్పుడు దారి చూపింది హార్మోనియం వాయించే అతని భార్య కనకరత్నం. సినిమా పాటల పుస్తకాల అంచుల్లో పెన్సిలుతో లెక్కలు కట్టి, వాటిని పిట్టకథలుగా మలిచి అతనికి నేర్పింది.

వాటిలో ఒకటి ఇది: సినిమా నాయిక ఒకతె హీరో కోసం సంపెంగలు తెస్తోంది. దారిలో మూడు గుమ్మాలు. ప్రతి గుమ్మం దగ్గరా కాపలావాడు ఉన్నవాటిలో సగం, పైన ఇంకొకటి లాక్కుంటాడు. చివరికి ఒక్క పువ్వే మిగిలింది. ఎన్నింటితో బయలుదేరింది?

జనం వేళ్ళు మడిచేవారు. పందిళ్ళు మళ్ళీ నిండాయి. అతనికి లెక్కల దాసు అని పేరొచ్చింది. ఆవిడకు ఏ పేరూ రాలేదు.

బొబ్బిలి సభలో ఒక లెక్కల మాష్టారు లేచాడు. "ఇరవై రెండు సరే దాసుగారూ, ఎలా వచ్చిందో చెప్పండి."

దాసు హార్మోనియం వైపు తిరిగాడు. హార్మోనియం వెనక నుంచి ఆవిడ మెల్లగా అంది: "సివరాకరి నుంచి రావాలండీ. మిగిలిందానికి ఒకటి కలిపి..."

"అయితే ఈ లెక్క అమ్మగారిదా?"

"దీనిదా?" దాసు నవ్వాడు. "ఇంట్లో ఉన్న ముగ్గురికీ గిన్నెలు నాలుగెడతాది మాష్టారూ."

పందిరంతా నవ్వింది. ఆవిడ మళ్ళీ నోరు తెరిచింది. అతను నన్ను గట్టిగా మోగించాడు. ఆవిడ మాట నా కింద నలిగిపోయింది. నేను చెక్కను, నాకేం తెలుసు అనవచ్చు. అనను. ఆ రోజు నేను ఎప్పుడూ లేనంత బాగా మోగాను.

ఆ తరవాత ఆవిడ హార్మోనియం వాయించింది, అన్నం వండింది. కొత్త లెక్క మాత్రం కట్టలేదు. అతనూ అడగలేదు. ఆరేళ్ళకు జ్వరంతో పోయింది.

దాసు ఆవిడ పెట్టె వెతికాడు. ఒక పాటల పుస్తకంలో పాత లెక్క ఒకటి దొరికింది. జవాబు రాసి లేదు. దాన్నే బట్టీపట్టి పార్వతీపురంలో చెప్పాడు.

"మరి జవాబేటి దాసూ?" అన్నారు జనం.

అతను నన్ను మోగించాడు. ఆగితే మళ్ళీ అడిగారు. మళ్ళీ మోగించాడు. ఈసారి నా కింద నలగడానికి ఆవిడ గొంతు లేదు. జనం ఒక్కొక్కరే లేచి పోయారు. అతను మళ్ళీ వేదికెక్కలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. ముందు ఒక చీటీ: 'లెక్కల కథలు కల్పించిన సన్యాసిదాసు చిడతలు.' వచ్చినవాళ్ళు చదివి, "ఏం బుర్రండీ ఆయనది" అనుకుంటూ వెళ్తారు.

నేను ఆవిడ చెప్పినట్టే చివరి నుంచి వెనక్కి వెళ్తుంటాను. మూడు గుమ్మాలూ తగులుతాయి. ఒక దాని దగ్గర అతను. ఒక దాని దగ్గర నవ్విన జనం. మూడో దాని దగ్గర నేను.

ఆవిడ లెక్కలో చివరికి ఒక్క పువ్వయినా మిగిలింది. ఈ చీటీలో అదీ లేదు.