కొత్త డిస్కుకు పిలుపు

విశాలాక్షి రోజూలాగే తన వీడియో స్టూడియో షట్టరెత్తి, వాకిట్లో నీళ్ళు చల్లి, దేవుడి పటానికి దండం పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. మార్కాపురంలో సగం పెళ్ళిళ్ళు దాంట్లోనే ఉన్నాయి. అవన్నీ దాచిన పాత హార్డ్ డిస్కు వారం నుంచి టకటకమంటోంది, ఇవాళో రేపో అన్నట్టుంది దాని పరిస్థితి. కొత్తది నిన్ననే వచ్చింది. సంబరం పట్టలేక పెట్టె విప్పీ విప్పగానే బిగించేసి, పాతదాంట్లో ఉన్నదంతా ఒక్క ఊపున కాపీ కొట్టేసింది. తొందరలో విశాలాక్షిని మించినవాళ్ళు ఆ బజార్లో లేరు.

కాసేపటికి త్రిపురాంతకం బస్సు దిగి కనకమ్మ వచ్చింది. విశాలాక్షి తీసిన వాళ్ళ కోలాటం వీడియో సాయంత్రంలోగా పంపితేనే ఒంగోలు పోటీలకు పిలుస్తారు. వెంట పోలమ్మ కూడా వచ్చింది. దళానికి పాట ఆమెదే. ఆమె గొంతెత్తితే కూర్చున్నవాళ్ళ కాళ్ళు కూడా ఊరుకోవు. కానీ నిరుడు భర్త పోయినప్పటి నుంచి ఆమె ఎవరి గడపా తొక్కడం లేదు. వీడియో తీసిన రోజు కూడా అందరికీ వెనగ్గా నిలబడే పాడింది. ఇప్పుడూ బయట మెట్ల మీదే కూర్చుండిపోయింది.

విశాలాక్షి హుషారుగా వీడియో తెరిచింది. షామియానా ఉంది, కోలలు నేల మీద ఉన్నాయి. మనుషుల్లేరు. పెళ్ళిళ్ళు తెరిచింది. పందిళ్ళు, కుర్చీలు, వడ్డించిన విస్తళ్ళు ఉన్నాయి. పెళ్ళికొడుకు కూడా లేడు. వైరు ఊడదీసి పెట్టింది, ఫైళ్ళ సైజులు సరిచూసింది, మళ్ళీ కాపీ కొట్టింది. ఊహూఁ.

"బొట్టు పెట్టి పిలిచినావా?" అడిగింది కనకమ్మ.

"కాపీ కొట్టినా అత్తా."

"సరిపోయింది! కొత్తింటికి చెప్పాపెట్టకుండా సామాను తోలితే సామానొస్తది. మనుషులెట్లొస్తారే?"

విశాలాక్షి నెత్తి కొట్టుకుని కుంకుమ భరిణె తెచ్చింది. ఒక్కో ఫోల్డర్‌కూ బొట్టు పెట్టి, "మా కొత్త డిస్కుకు ఇంటిల్లిపాదీ రండి" అని పిలిచింది. పిలవడమే ఆలస్యం, కాపీ అయ్యే పచ్చగీత మీదుగా జనం బయల్దేరారు. పెళ్ళికూతుళ్ళు కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ముసలాళ్ళు కర్రలు పోటేసుకుంటూ, గీత మొదట్లోనే చెప్పులు విడిచి మరీ వచ్చారు. కోలాటం ఆడవాళ్ళు ఒక్కొక్కరూ బొట్టు పెట్టించుకుని వచ్చి కోలలు అందుకున్నారు.

"వచ్చినారు, వచ్చినారు!" కనకమ్మ చప్పట్లు కొట్టింది.

కోలలు మోగుతున్నాయి గానీ పాట లేదు. విశాలాక్షి స్పీకర్లు చూసింది, సౌండు పెంచింది. అప్పుడు కనపడింది, వెనకవరసలో ఖాళీ. పోలమ్మ ఒక్కతే పాత డిస్కులో నిలబడి కాలి వేళ్ళు చూసుకుంటోంది.

"ఆమెకు పెట్టలేదే నువ్వు," అంది కనకమ్మ మెల్లగా.

"ఎట్ల పెట్టేది అత్తా..."

కనకమ్మ కూడా తల దించుకుంది. పాత డిస్కు టకటకలు ఎక్కువయ్యాయి.

"నన్ను ఇడిచిపెట్టండమ్మా," మెట్ల మీద నుంచి పోలమ్మ అంది. "నాకెందుకు పెట్టడం? పాట లేకుండానే పంపండి."

విశాలాక్షికి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంతమందిని పిలిచిన నోటికి ఈమెను పిలవడానికి ఏమొచ్చింది? వేలు కుంకుమలో ముంచి, తెర మీది పోలమ్మ నుదుట నిండుగా బొట్టు పెట్టింది.

"పోలమ్మక్కా, మా కొత్త డిస్కుకు రా. నువ్వు రాకుంటే మాకు శుభమేంది?"

తెరలో పోలమ్మ తలెత్తింది. చెప్పులు విడిచింది. పచ్చగీత మీద అడుగులు వేసి ఇటువైపు కాలు మోపగానే పాట గుప్పున లేచింది. పాత డిస్కు చప్పుడు ఆగిపోయింది. కనకమ్మ బల్ల మీది రెండు స్కేళ్ళు లాక్కుని గదంతా ఆడేసింది. విశాలాక్షి ఒక చేత్తో వీడియో పంపుతూ రెండో చేత్తో పాటకు తాళం వేసింది.

వీడియో ఒంగోలుకు చేరిందని చెబుదామని వాకిట్లోకి వచ్చి చూస్తే, మెట్ల మీద పోలమ్మ నుదుట కుంకుమ తడితడిగా ఉంది. ఆమె వేలితో తాకి చూసుకుంది. ఎర్రబడిన వేలి వంక చాలాసేపు చూసింది. చెరుపుకోలేదు.

"ఏందక్కా, పిలిచినా గదా. ఇంకా ఆడనే కూచున్నావు?"

పోలమ్మ చెప్పులు విడిచి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది.

"రెండో చరణంలో నా గొంతు కొంచెం తగ్గినట్టుంది గదమ్మా," అంది కుర్చీ లాక్కుంటూ. "ఒంగోల్లో సరిచేస్తాలే."